ఊపిరితిత్తుల సిరలు సన్నబడ్డాయి... క్యాథ్ చేస్తే బాబు భవిష్యత్తు తెలుస్తుందా?

ప్రశ్న: మా బాబుకు ఆరో నెల. నెల బిడ్డప్పుడు టీఏపీవీసీకి (ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరలు గుండె ఎడమవైపు కాకుండా వేరే చోట కలిసే పుట్టు లోపం) గుండె ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఎకో, సీటీ చూసి ఊపిరితిత్తుల సిరలు రెండు సన్నబడ్డాయన్నారు. క్యాథ్ (రక్తనాళంలోంచి గుండెకు గొట్టం పంపి చేసే పరీక్ష) చేయించమంటున్నారు. దాంతో వాడికి ఎలా ఉండబోతోందో కచ్చితంగా తెలుస్తుందా? అన్నప్రాశన అయ్యాక చేయిద్దామని అత్తగారంటున్నారు. దగ్గుకు మెడికల్ షాపు సిరప్ వాడుతున్నాం. నెలన్నరగా బరువు పెరగలేదు.
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన బరువు సంగతే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. ఈ వయసులో నెలన్నర బరువు ఆగిందంటే మామూలు విషయం కాదు. ఆ దగ్గు కూడా జలుబుది కాకపోవచ్చు. సిర సన్నబడితే రక్తం వెనక్కి నిలిచి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎక్స్‌రేలో అది న్యుమోనియాలా కనిపించి మోసం చేస్తుంది. సిరప్ దాన్ని తగ్గించదు, రోజులు మాత్రం గడిచిపోతాయి. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో చెప్పింది కూడా. దయచేసి ఆ సీసా పక్కన పెట్టండి.

ఇక క్యాథ్. తొడ దగ్గర రక్తనాళం నుంచి సన్నటి గొట్టం పంపి ఊపిరితిత్తుల ధమనిలో ప్రెషర్ కొలుస్తారు, ఒక్కో సిరనూ విడిగా చూస్తారు. ఒకటి రెండు సిరలే, అదీ గుండెలో కలిసే చోటే సన్నబడితే ఆశ ఎక్కువ. మూడు నాలుగు సిరలు, రెండు వైపులా, లోపలి చిన్న కొమ్మల దాకా పాకితే, ఊపిరితిత్తుల ప్రెషర్ ఒంటి బీపీకి దగ్గరగా ఉంటే ముప్పు ఎక్కువ. ఒక్క అంకె చూసి తేలికపడకూడదు. సిర బాగా మూసుకుపోతే రక్తం బాగున్న సిరలకు మళ్లుతుంది, అప్పుడు సన్నబడ్డ చోటికి ముందూ వెనకా ప్రెషర్ తేడా తక్కువే కనిపిస్తుంది. అందుకే రంగు మందు ఎక్కించి తీసిన బొమ్మతో కలిపి చూస్తాం.

కచ్చితంగా చెప్పగలమా అంటే, లేదు. ముప్పు ఎంతో అంచనా వేయగలం. జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో తెలియాలంటే మళ్లీ మళ్లీ చూడాల్సి రావచ్చు. వీలైతే అదే సిట్టింగ్‌లో బెలూన్‌తో సన్నబడ్డ సిరను వెడల్పు చేస్తారు. తర్వాత మళ్లీ సన్నబడటం మామూలే, అందుకు సిద్ధపడండి. మత్తు, రక్తస్రావం లాంటి ప్రమాదాలూ ఉన్నాయి, సంతకం పెట్టేముందు అడిగి తెలుసుకోండి. మీ రిపోర్టులు చూడలేదు కాబట్టి మీ కార్డియాలజిస్టు మాటే ఆఖరు.

అన్నప్రాశన కోసం క్యాథ్ ఆపొద్దు, ఆ మాట అత్తగారికి నా మాటగా చెప్పండి. ఈరోజే బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 50 లేదా అంతకు మించి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగుతూ మధ్యలో ఆగి ఆయాసపడుతున్నా, పెదాలు నీలంగా మారినా, దగ్గులో రక్తం పడినా ఫోన్లు చేస్తూ కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇవేవీ లేకపోయినా ఈ వారంలోనే కార్డియాలజిస్టును కలవండి. ఆపరేషన్ కాగితాలు, సీటీ సీడీ, బరువులు రాసిన టీకా కార్డు వెంట ఉంచుకోండి. జ్వరం ఉంటే క్యాథ్‌కు ముందే చెప్పండి.