పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పది శనివారాల ఫుట్‌బాల్

అమెరికన్ ఫుట్‌బాల్ అనగానే లక్షమంది పట్టే స్టేడియాలు, టీవీ వెలుగులు గుర్తొస్తాయి. ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలు మాత్రం చిన్న కాలేజీల ఆట గురించి, అందులోనూ మిన్నెసోటా రాష్ట్రపు ఎంఐఏసీ గురించి. 1920లో ఏర్పడిన ఈ కాన్ఫరెన్స్ పూర్తి పేరు మిన్నెసోటా ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్.

ప్రశ్న: మా తమ్ముడి కొడుకు సెయింట్ క్లౌడ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. శనివారం వస్తే చాలు, కాలేజ్‌విల్‌లో మ్యాచ్ ఉందని బయల్దేరతాడు. అంత పెద్ద టోర్నమెంటా అది? ఎన్నాళ్లు జరుగుతుంది?
– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: టోర్నమెంటు కాదండీ, లీగు. మీవాడు వెళ్తున్నది సెయింట్ జాన్స్ మైదానానికి. సెయింట్ క్లౌడ్ నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడి కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ 1973లో కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీసింది. ఆటగాళ్లకు ఆట పేరుమీద ఒక్క డాలరు కూడా స్కాలర్‌షిప్ ఇవ్వకూడదన్నది మూడో డివిజన్ నియమం. ఎంఐఏసీ ఆ డివిజన్‌లోదే. 2021 నుంచి ఇందులో ఫుట్‌బాల్ ఆడుతున్నవి పది కాలేజీలు: సెయింట్ జాన్స్, బెతెల్, గస్టావస్ అడాల్ఫస్, కాంకార్డియా, ఆగ్స్‌బర్గ్, హామ్లిన్, మకాలెస్టర్, కార్ల్‌టన్, సెయింట్ ఓలఫ్, సెయింట్ స్కొలాస్టికా. చాలావరకు మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాలకు గంట, గంటన్నర దూరంలోనే ఉంటాయి. కాంకార్డియా మాత్రం నార్త్ డకోటా సరిహద్దులో మూర్‌హెడ్‌లో, స్కొలాస్టికా సుపీరియర్ సరస్సు ఒడ్డున డులూత్‌లో ఉన్నాయి.

సాధన ఆగస్టులో మొదలవుతుంది. మ్యాచ్‌లు సెప్టెంబరు మొదటి వారం నుంచి నవంబరు నడిమి దాకా, దాదాపు అన్నీ శనివారం మధ్యాహ్నాలే. జట్టుకు మొత్తం పది మ్యాచ్‌లు. క్రికెట్ లీగులో రెండు ఓడినా తర్వాత కూడదీసుకోవచ్చు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఒక్క ఓటమి అంటే సీజన్‌లో పదో వంతు పోయినట్టే. అందుకే అక్టోబరు నెలలో ఏదో ఒక మామూలు శనివారం వానలో జారిన బంతి ఒకటి నవంబరు లెక్కలన్నీ తలకిందులు చేస్తుంది.

ప్రశ్న: మావాడు పన్నెండో తరగతి. హైస్కూల్ జట్టులో లైన్‌బ్యాకర్ (ఎదుటి జట్టు దాడిని ఆపే రక్షణ ఆటగాడు). ఇక్కడి రెండు చిన్న కాలేజీల కోచ్‌లు ఫోన్లు చేస్తున్నారు. మాది హెచ్-1బీ కుటుంబం. ఆట వల్ల ఫీజు తగ్గుతుందా? మేం ముందు చేయాల్సిందేమిటి?
– మిన్నియాపొలిస్ శివారు నుంచి ఒక తల్లి

జవాబు: ఆట వల్ల తగ్గదమ్మా. ఇంత తెగేసి చెప్పడానికి కారణం ఉంది. కోచ్ "మంచి ప్యాకేజీ వస్తుంది" అంటే చాలామంది తల్లిదండ్రులు దాన్ని క్రీడా స్కాలర్‌షిప్ అనుకుంటారు. ఆయన చెబుతున్నది చదువు మీద ఇచ్చే మెరిట్ సాయం, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం గురించి. జట్టులో లేని పిల్లలకు ఏ కొలతతో ఇస్తారో మీవాడికీ అదే కొలత. ఇందులో మంచి కూడా ఉంది. రేపు మోకాలు దెబ్బతిని ఆట మానేసినా ఆ సాయం పోదు, ఎందుకంటే అది ఆటకు ముడిపెట్టి ఇచ్చింది కాదు. మార్కులు నిలబెట్టుకోవాలి, అంతే.

ఇక మీకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు వీసాది. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా మీద, ఉన్న పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వ విద్యా సాయం రాదు. మిగిలింది కాలేజీ తన సొంత నిధుల నుంచి ఇచ్చేదే. కాబట్టి కోచ్‌ను కాదు, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును రాతపూర్వకంగా మూడు సంగతులు అడగండి: హెచ్-4 విద్యార్థిని స్వదేశీ విద్యార్థిగా చూస్తారా, విదేశీ విద్యార్థిగానా? మెరిట్ సాయం నాలుగేళ్లూ వస్తుందా, దానికి ఎంత జీపీఏ ఉండాలి? 21 ఏళ్లు నిండి ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాల్సి వస్తే ఆ సాయం కొనసాగుతుందా? మూడోదాన్ని అందరూ మర్చిపోతారు, మూడో ఏడాదిలో ఉలిక్కిపడతారు.

దరఖాస్తుకు ముందే మీవాడి మార్కుల పట్టికను అడ్మిషన్ల ఆఫీసుకు చూపించి అంచనా చెప్పించమని కోచ్‌ను అడగొచ్చు. దాన్ని ప్రీ-రీడ్ అంటారు. అది ఉత్త అంచనాయే, సీటు కాదు.

వీడియో విషయానికొస్తే మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. మంచి ఆటలన్నీ ముందే పెట్టండి. కోచ్‌లు తొలి ముప్పై సెకన్లలోనే చూడాలో వద్దో తేల్చుకుంటారు. ప్రతి ఆటకు ముందు బంతి కదలక మునుపు మీవాడి చుట్టూ వలయం గీయండి, లేకపోతే ఇరవై రెండు మందిలో ఎవర్ని చూడాలో తెలియదు. పాటలు అక్కర్లేదు. జెర్సీ నంబరు, ఎత్తు, బరువు, జీపీఏ మొదటి తెర మీదే ఉండాలి.

మరొక్క మాట. ఈ జట్లలో వంద మంది పైచిలుకు పిల్లలుండటం మామూలే. మొదటి ఏడాది మీవాడు శనివారం మైదానంలో కనిపించకపోవచ్చు. "మీ దగ్గర జూనియర్ జట్టు మ్యాచ్‌లు ఏటా ఎన్ని ఆడిస్తారు?" అని అడగండి. జవాబు చెప్పే తీరును బట్టి చాలా తెలుస్తుంది.

ప్రశ్న: నాలుగు అవకాశాలుండగా నాలుగోసారి బంతిని ఎందుకు తన్నేస్తారు? దొరికింది వదులుకోవడం కాదా?
– విజయవాడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: నాలుగు ప్రయత్నాల్లో, అంటే నాలుగు డౌన్లలో, పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు. వెళ్లలేకపోతే బంతి ఆగిన చోటే ఎదుటివాళ్లకు ఇచ్చేయాలి. కిటుకంతా ఆ "ఆగిన చోటే"లో ఉంది. మీ గోల్‌కు ఇరవై గజాల దగ్గర నాలుగో డౌన్ తప్పితే ఎదుటివాడు ఇరవై గజాలు నడిస్తే ఆరు పాయింట్లు. అదే బంతిని నలభై గజాలు అవతలికి తన్నితే (దీన్ని పంట్ అంటారు) వాడు అరవై గజాలు రావాలి. వదులుకోవడం కాదు, దూరం కొనుక్కోవడం.

మైదానం గోల్ గీతల మధ్య 100 గజాలు, రెండు వైపులా గోల్ గీత వెనక ఉండే ఎండ్‌జోన్ పదేసి గజాలు, అడ్డం 160 అడుగులు. బంతిని ఎండ్‌జోన్‌లోకి చేరిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాని తర్వాత బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే 1, తన్నకుండా పరుగుతోనో పాసుతోనో మళ్లీ ఎండ్‌జోన్ చేరితే 2. టచ్‌డౌన్ లేకుండానే స్తంభాల మధ్య నుంచి తన్నే ఫీల్డ్‌గోల్‌కు 3. ఫీల్డ్‌గోల్ దూరం లెక్కలో కొత్తవాళ్లు ఎప్పుడూ తప్పుతారు. బంతి 28 గజాల గీత మీద ఉంటే తన్నాల్సింది 28 గజాలు కాదు. గోల్ స్తంభాలు ఎండ్‌జోన్ చివర ఉంటాయి కనుక పది కలపండి. బంతిని వెనక్కి ఏడు గజాలు అందించి నేలమీద నిలబెడతారు కనుక ఏడు కలపండి. మొత్తం 45. చిన్న కాలేజీ కిక్కర్‌కు, అదీ నవంబరు ఎదురుగాలిలో, 45 గజాలంటే గట్టి పరీక్షే. ఆ చోట మూడు గజాలే మిగిలుంటే తన్నకుండా ఆడేసే కోచ్‌దే తెలివైన పని అని మా అభిప్రాయం.

ప్రశ్న: మెట్రిక్ కొలతల్లో ఈ ఆట ఎప్పుడైనా ఆడారా?
– రాజమండ్రి నుంచి ఒక లెక్కల మాస్టారు

జవాబు: ఆడారు మాస్టారూ, ఈ కాన్ఫరెన్స్ కాలేజీలే! 1977 సెప్టెంబరు 17న నార్త్‌ఫీల్డ్‌లో కార్ల్‌టన్, సెయింట్ ఓలఫ్ జట్లు 100 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు మైదానం మీద తలపడ్డాయి. మొదటి డౌన్‌కు పది మీటర్లు. ఆటగాళ్ల ఎత్తు సెంటీమీటర్లలో, బరువు కిలోల్లో. ఆలోచన కార్ల్‌టన్ రసాయనశాస్త్ర ఆచార్యుడిది. ఆ మ్యాచ్‌కు పెట్టిన పేరు లీటర్ బౌల్. సెయింట్ ఓలఫ్ 43–0తో గెలిచింది. పది మీటర్లంటే దాదాపు పదకొండు గజాలు కదా, దాడి చేసే జట్టుకు ప్రతి నాలుగు డౌన్లలోనూ అదనంగా ఒక గజం మోత.

ప్రశ్న: రెండు జట్లు సమానంగా గెలిస్తే ఛాంపియన్ ఎవరు? ముందుకు వెళ్లేదెవరు? ఎక్కువ తేడాతో గెలిస్తే లాభముందా?
– వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కాన్ఫరెన్స్ టైటిల్‌ను పంచుకోవడం ఈ ఆటలో సహజం. ఇద్దరి పేర్లూ రికార్డులో ఉంటాయి. జాతీయ ప్లేఆఫ్‌కు కాన్ఫరెన్స్ తరఫున నేరుగా వెళ్లే చోటు మాత్రం ఒక్కటే. మొదట చూసేది ఆ ఇద్దరి మధ్య జరిగిన మ్యాచ్. 2021లో ఎంఐఏసీ పది జట్లను నార్త్‌వుడ్స్, స్కైలైన్ అని రెండు విభాగాలు చేసి, ఆఖరి వారంలో రెంటి విజేతల మధ్య టైటిల్ మ్యాచ్ పెట్టింది కూడా ఈ తగాదా మైదానంలోనే తేలాలనే.

మిగిలిన చోట్లు దేశమంతటి జట్లకూ కలిపి రేటింగ్ మీద ఇస్తారు. 2024 నుంచి ప్లేఆఫ్ 32 జట్ల నుంచి 40కి పెరిగింది. 24 జట్లు మొదటి రౌండు ఆడనక్కర్లేదు, తక్కిన 16 ఆడి 8 మిగులుతాయి. అంటే అట్టడుగు నుంచి వచ్చిన జట్టు ఆరు గెలవాలి, పైనున్న జట్టు ఐదు. అందుకే ఫైనల్ జనవరిలోకి జరిగింది. 2024 సీజన్ ఫైనల్ 2025 జనవరి 5న హ్యూస్టన్‌లో ఆడారు.

తేడా సంగతి: రేటింగ్‌కు గెలిచారా ఓడారా, ఎవరి మీద అన్నదే కావాలి. మూడు పాయింట్లతో గెలిచినా తొంభైతో గెలిచినా ఒకటే. తొంభై అని ఊరికే అనలేదు. 2017లో, అప్పట్లో ఇదే కాన్ఫరెన్స్‌లో ఉన్న సెయింట్ థామస్ జట్టు సెయింట్ ఓలఫ్‌ను 97–0తో ఓడించింది. అదే ఏడాది సెయింట్ థామస్, సెయింట్ జాన్స్ మ్యాచ్‌ను మిన్నియాపొలిస్ బేస్‌బాల్ మైదానంలో 37,355 మంది చూశారు. మూడో డివిజన్‌లో అంతమంది అంతకుముందెన్నడూ రాలేదు. ఒకే కాన్ఫరెన్స్‌లో ఆ నిండు మైదానమూ ఈ 97–0 అవమానమూ పక్కపక్కనే ఉండటం ఎంతోకాలం సాగలేదు. బలాబలాల్లో సమతూకం లేదంటూ 2019లో మిగతా కాలేజీలు సెయింట్ థామస్‌ను బయటికి పంపాయి. అది 2021లో మూడో డివిజన్ నుంచి నేరుగా మొదటి డివిజన్‌కు వెళ్లింది. 1901 నాటి పోటీని తెంపేయడం నష్టమే. అయినా వారం వారం పసివాళ్లు అరవై డెబ్బై పాయింట్లతో ఓడుతున్న లీగులో సీజన్‌కు అర్థముండదు. పంపడమే సబబని మేం అనుకుంటాం.

ఓడినవాళ్ల ఓర్పు తెలియాలంటే మకాలెస్టర్‌ను చూడండి. 1974 నుంచి వరసగా 50 మ్యాచ్‌లు ఓడింది. 1980 సెప్టెంబరులో ఆట ముగియడానికి 11 సెకన్లుండగా కొట్టిన ఫీల్డ్‌గోల్‌తో 17–14 తేడాతో గెలిచి ఆ వరస తెంచింది.

ప్రశ్న: ఈ ఆటలో తల దెబ్బల గురించి చదివి భయమేస్తోంది. సాధనలో జాగ్రత్తలేమిటి?
– హైదరాబాద్ నుంచి ఒక అమ్మమ్మ

జవాబు: మీ భయం సరైనదే. తల అదిరినట్టు తేలిన ఆటగాణ్ణి ఆ రోజు మళ్లీ దింపకూడదు, అది నియమం. తర్వాత కూడా మెట్టు మెట్టుగానే: విశ్రాంతి, తేలికపాటి నడక, పరుగు, ఢీకొట్టడం లేని సాధన, డాక్టరు అనుమతి, ఆ పైన పూర్తి ఆట. తలనొప్పి తిరగబెడితే ఒక మెట్టు వెనక్కి. అసలు ప్రమాదం పిల్లవాడు దాచడంలో ఉంది. ఫోన్లో మాట్లాడేటప్పుడు "ఆట ఎలా జరిగింది" అని కాకుండా "ఆ రాత్రి నిద్ర పట్టిందా, వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉందా" అని అడగండి.

ఆగస్టులో ఇంకో గండం వడదెబ్బ. ఒంటికి వేడి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకే తొలి రోజుల్లో హెల్మెట్ మాత్రమే, తర్వాత భుజాల ప్యాడ్లు, ఆ తర్వాతే పూర్తి కవచం. కుప్పకూలి తడబడుతూ మాట్లాడే పిల్లవాణ్ణి ముందు ఐసునీళ్ల తొట్టిలో మెడ దాకా ముంచి చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. తొట్టి సిద్ధంగా ఉందా అని కాలేజీని అడగడంలో మొహమాటం వద్దు.

ఢీకొట్టకుండా సాధన చేస్తే గెలవగలరా అని ఎవరైనా అంటే జాన్ గాగ్లియార్డి పేరు చెప్పండి. 1953 నుంచి 2012 దాకా సెయింట్ జాన్స్ కోచ్. ఆయన సాధనలో టాకిల్ (పట్టి పడగొట్టడం) లేదు, ఈల లేదు, తనను కోచ్ అని పిలవడం కూడా లేదు, అందరికీ జాన్. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎవరూ అందుకోని 489 విజయాలు ఆయనవి. 2003 మూడో డివిజన్ ఫైనల్లో సెయింట్ జాన్స్‌కు ఎదురుపడింది 55 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని మౌంట్ యూనియన్ కాలేజీ జట్టు. వారమంతా ఒకర్నొకరు పడగొట్టుకోని ఆ పిల్లలు 24–6తో గెలిచారు.

ప్రశ్న: నవంబరులో మ్యాచ్ చూడటానికి మిన్నెసోటా వెళ్తున్నాం. ఏం తీసుకెళ్లాలి?
– డాలస్ నుంచి ఒక జంట

జవాబు: చలి కింది నుంచి ఎక్కుతుంది. మెట్ల బెంచీలు ఇనుపవైతే కూర్చున్న పావుగంటకే ఒళ్లు గడ్డకడుతుంది, కాబట్టి మందపాటి దిండో మడిచిన దుప్పటో ముందుగా సర్దుకోండి. కాళ్ల కింద ఒక అట్టముక్క పరుచుకోండి. లోపల నూలు బనియన్ వద్దు, చెమటకు తడిసి ఇంకా చల్లబడుతుంది. ఉన్ని వేసుకోండి. ఆట గడియారం అరవై నిమిషాలే అయినా కూర్చునేది మూడు గంటలు. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ దిగిపోతుంది. కాలేజ్‌విల్ వెళ్తే అరగంట ముందే చేరండి. పల్లంలో ఉండే మైదానం చుట్టూ ఉన్న గట్టు మీద కూర్చుంటే ఆటంతా కళ్లముందే ఉంటుంది.