సగటు ఆయుష్షు 32 అంటే 32కే పోయారని కాదు

ప్రశ్న: 1940ల్లో మన దేశంలో సగటు ఆయుష్షు 32 ఏళ్లేనని చదివాను. మరి మా ముత్తాత 80 దాటి బతికాడు కదా! అసలు ఈ లెక్క ఎలా వేస్తారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ముత్తాతగారి వయసూ నిజమే, ఆ లెక్కా నిజమేనండీ. చిక్కంతా సగటుతోనే. పదిమంది పిల్లలు పుట్టి, నలుగురు ఏడాది నిండకుండానే పోయి, మిగతా ఆరుగురూ 65 దాకా బతికారనుకోండి, సగటు 39 వస్తుంది. 39వ ఏట పోయినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు!

ఈ అంకె లైఫ్ టేబుల్ లోంచి వస్తుంది. ఏ వయసువాళ్లు ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఏడాదిలో ఎంతమంది చనిపోయారు అని చూసి ప్రతి వయసుకీ చావు అవకాశం కడతారు. తర్వాత కాగితం మీద లక్షమంది పసిపిల్లల్ని పుట్టించి, ఒక్కో వయసు దగ్గరా ఆ అవకాశం ప్రకారం కొందర్ని తీసేస్తూ ఆఖరి మనిషి దాకా వెళ్తారు. అందరూ బతికిన ఏళ్లన్నీ కూడి లక్షతో భాగిస్తే సగటు ఆయుష్షు. ఇది జోస్యం కాదు, ఇవాళ్టి మరణాల రేట్లు ఇలాగే ఉండిపోతే అన్న షరతు మీద నడిచే లెక్క.

మన దగ్గర ఎస్ఆర్ఎస్ సర్వే (కొన్ని ప్రాంతాల్ని నమూనాగా తీసుకుని పుట్టుకలూ చావులూ నమోదు చేసేది) ఆధారంగా, జనాభా లెక్కలు చూసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం ఈ పట్టికలు వేస్తుంది. 2016-20 పట్టికలో పుట్టినప్పటి ఆయుష్షు 70. అలాగని 60 ఏళ్లవాళ్లు ఇంకా పదేళ్లే అని టెన్షన్ పడక్కర్లేదు, చిన్నప్పటి గండాలన్నీ దాటేశారు కాబట్టి వాళ్లకి సగటున ఇంకో 18 ఏళ్ల దాకా ఉంటాయి. పింఛన్ల లెక్కకి కావలసింది ఈ రెండో అంకె, జనం మాత్రం మొదటిదే పట్టుకుంటారు. బీమా కంపెనీల పట్టిక వేరే, అది పాలసీదారుల మరణాలతోనే కట్టింది.