బడిలో కంటి పరీక్ష చేసి ‘రిఫర్‌’ అని రాశారు.. కొన్నాళ్లు ఆగొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్లు. ప్రభుత్వ బడిలో మూడో తరగతి. మొన్న డాక్టర్ల బృందం వచ్చి పిల్లలందరినీ చూసింది. మావాడి చీటీలో కుడికన్ను 6/6, ఎడమకన్ను 6/24, హిమోగ్లోబిన్‌ 10.2 అని రాసి ‘రిఫర్‌’ అన్నారు. కళ్లు కనపడట్లేదని వాడెప్పుడూ అనలేదు. బోర్డు మీదివన్నీ చక్కగా రాసుకొస్తాడు. ఇప్పట్నుంచే అద్దాలు పెడితే నంబరు పెరిగిపోతుందని మా అత్తయ్య అంటున్నారు. కొన్నాళ్లు ఆగి చూడొచ్చా? - ఓ తల్లి, నర్సంపేట

జవాబు: ఆగొద్దమ్మా. ఈ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి.

మామూలు చూపున్నవాళ్లు 24 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని మీ బాబు ఎడమకన్నుతో 6 మీటర్ల దగ్గరికొస్తే గానీ చదవలేకపోతున్నాడు. 6/24 అంటే అదే. మరి వాడెందుకు చెప్పలేదంటారా? కుడికన్ను రెండింటి పనీ చేసిపెడుతోంది. ఇంట్లో ఒకసారి చూడండి. మీ అరచేత్తో వాడి కుడికన్ను పూర్తిగా మూసి, గోడ మీది క్యాలెండర్‌లో తేదీలు చదవమనండి. వేళ్ల సందుల్లోంచి చూడకుండా జాగ్రత్తపడండి. తల పక్కకు తిప్పుతాడు, మీ చెయ్యి తోసేస్తాడు. అదే ఎడమకన్ను మూస్తే గడగడా చదివేస్తాడు.

ఒక కంటి నుంచి ఎప్పుడూ మసక బొమ్మే వస్తుంటే, మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని ఆంబ్లియోపియా, లేజీ ఐ అంటాం. చిన్న వయసులో అద్దాలతో, అవసరమైతే బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్‌ వేసి, మసకగా ఉన్న కంటికి మళ్లీ పని నేర్పించొచ్చు. ఏడేళ్లలోపు అయితే ఫలితం ఇంకా బాగుంటుంది. 8 ఏళ్లకూ మించిపోయిందేమీ లేదు. కానీ పెద్దయ్యాక చూద్దామంటే అప్పుడు అద్దాలు పెట్టినా ఆ చూపు పూర్తిగా రాకపోవచ్చు. అద్దాలతో నంబరు పెరుగుతుందనేది అపోహ అని అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి. నంబరు మారేది పిల్లాడు ఎదిగేకొద్దీ కనుగుడ్డు పెరగడం వల్ల.

నేరుగా కళ్లజోళ్ల దుకాణానికి మాత్రం వెళ్లకండి. పిల్లల కళ్లు తెలియకుండానే బిగబట్టి చూస్తాయి, నంబరు తప్పు వస్తుంది. అందుకే డాక్టరు కంట్లో చుక్కల మందు వేసి చూడాలి. మెల్ల, శుక్లం, రెటీనా సమస్య వంటివి లేవని కూడా అప్పుడే తేలుతుంది. చుక్కలు వేశాక ఒకట్రెండు రోజులు దగ్గరవి మసగ్గా ఉంటాయి, ఎండకు కళ్లు జిగేల్‌మంటాయి. బడికి ఇబ్బంది లేకుండా శనివారం వెళ్లండి.

ఇక రక్తం. ఈ వయసులో హిమోగ్లోబిన్‌ 11.5 ఉండాలి కాబట్టి 10.2 తక్కువే. అయితే వేలి రక్తంతో చేసే పరీక్షలో, వేలిని గట్టిగా పిండితే లెక్క తేడా వస్తుంది. ఒకసారి సీబీపీ (పూర్తి రక్త పరీక్ష) చేయించండి. రక్తహీనత నిజమైతే బరువును బట్టి డాక్టరు ఐరన్‌ రాస్తారు. బడిలో వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు మాత్ర నివారణకే, చికిత్సకు చాలదు. ఐరన్‌ను పాలతో, టీతో ఇవ్వొద్దు. నిమ్మరసం, జామపండు మంచివి. విరేచనం నల్లగా అయితే భయపడకండి. నులిపురుగుల మాత్ర వేశారో లేదో కనుక్కోండి. నెల వాడినా హిమోగ్లోబిన్‌ పెరగకపోతే తలసీమియా (హిమోగ్లోబిన్‌ సరిగా తయారుకాని వంశపారంపర్య సమస్య) వాహకుడేమో చూడాలి.

ఖర్చు గురించి వెనకాడకండి. మీ బడికి వచ్చింది బహుశా ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందమే. 2013 నుంచి నడుస్తున్న ఈ పథకంలో పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను చూస్తారు. బడిలో వాళ్లు చేసేది వడపోత మాత్రమే, జబ్బును నిర్ధారించాల్సింది ఆస్పత్రిలో. రిఫర్‌ చేసిన పిల్లలకు ఆ తర్వాతి వైద్యం ఉచితం. చీటీ పారేయకుండా పట్టుకెళ్లండి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే మీ పీహెచ్‌సీలో ఏఎన్‌ఎంను అడగండి.

బాబుకు తమ్ముడో చెల్లెలో ఉంటే, వాళ్లకు ఏ ఇబ్బందీ లేకపోయినా అదే రోజు కళ్లు చూపించండి. ఈ సమస్య ఒకే ఇంట్లో ఒకరికి మించి పిల్లలకు ఉండొచ్చు.