బి.ఎడ్. చదువుకుంటే పిల్లవాడు దూరమవుతాడా?

రెండున్నరేళ్ళ బాబును అత్తగారి దగ్గర ఉంచి రావులపాలెం నుంచి రాజమహేంద్రవరం వెళ్ళి బి.ఎడ్. చదవాలని ఉంది, కానీ బాబు దూరమైపోతాడేమోనని భయంగా ఉంది అని అడిగారు. దూరం కాడు, ధైర్యంగా చేరండి. మా పాప చిన్నప్పుడు నేనూ ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి, కోటిపల్లిలో దిగి, బస్సులో రామచంద్రపురం వైపు కాలేజీకి వెళ్ళి బి.ఎడ్. పూర్తి చేశాను.

అన్నిటికన్నా ముఖ్యం, వెళ్ళేటప్పుడు బాబుకు చెప్పి వెళ్ళండి. "వాడు చూడకుండా పెరటి వైపు నుంచి వెళ్ళిపో, చూస్తే ఏడుస్తాడు" అని పెద్దవాళ్ళు ప్రేమకొద్దీ అంటారు. ఈ ఒక్క విషయంలో వినకండి. చెప్పి వెళితే కాసేపు ఏడుస్తాడు. చెప్పకుండా వెళితే, ఆ తర్వాత మీరు స్నానానికి వెళ్ళినా కొంగు వదలడు. అమ్మ ఎప్పుడు మాయమవుతుందో తెలియదు కదా, పాపం!

ఆ వయసులో ఐదున్నర గంటలకు వస్తానంటే అర్థం కాదు. నేను "నానమ్మ గేదెకు కుడితి పెట్టే వేళకు వచ్చేస్తాను" అని చెప్పేదాన్ని. కుడితి గోలెం దగ్గర బకెట్టు చప్పుడు కాగానే పాప వీధి అరుగు మీదకు వచ్చి కూర్చునేదని అత్తయ్య చెప్పేవారు. గోదావరికి వరద వచ్చి పంటు ఆపేస్తే యెదుర్లంక వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. అలాంటప్పుడు "ఈ రోజు దీపాలు పెట్టాక వస్తాను" అని పొద్దున్నే చెప్పేదాన్ని. ఆలస్యమైనందుకు పాప ఎన్నడూ అలగలేదు.

సాయంత్రం స్నానం, రాత్రి అన్నం మీ చేతుల మీదుగానే జరగాలి. ఆ సమయాన్ని పుస్తకాలకూ వంటకూ ఇవ్వకండి. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి, ఆ పూట కూర బాధ్యత మీ వారికి అప్పగించండి. చెంబుతో నీళ్ళు పోస్తుంటే మా పాప అంగన్‌వాడీలో గుడ్డు సగం ఎవరికి పెట్టిందో, కొబ్బరి దింపుకు వచ్చిన తాత చెట్టెలా ఎక్కాడో, అన్నీ వరసగా చెప్పేది. "ఈ రోజు ఏం చేశావు?" అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాత్రం ఒక్క ముక్క రాదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక కాసేపు పడుకోబెట్టమని అత్తగారిని అడగండి. మూడేళ్ళ పిల్లలకు పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పగలు నిద్ర లేకపోతే మీరు చేరేసరికి చిరాకు పడుతూ, ఒళ్ళో వాలగానే నిద్రపోతాడు.

బి.ఎడ్.లో రికార్డులు రాసే పని చాలా ఉంటుంది. పాత క్యాలెండర్ కాగితాలు, రంగు పెన్సిళ్ళు ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. మంచిదే, కానీ దాన్ని బాబుతో గడిపిన సమయంగా లెక్క వేయకండి. మీ కళ్ళు రికార్డు మీద ఉన్నాయని వాడికి తెలుస్తుంది.

దెబ్బ తగిలితే ముందు నానమ్మ దగ్గరకు పరుగెత్తవచ్చు. మనసు కష్టపెట్టుకోకండి. పగలంతా చూసుకునే మనిషిని నమ్మాడంటే, మీరు కాలేజీలో ఉన్నప్పుడు వాడు నిశ్చింతగా ఉన్నాడన్న మాట.

ఇక సెలవుల సంగతి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు, అంటే బడిలో పాఠాలు చెప్పే శిక్షణకు, 90 శాతం హాజరు ఉండాలి. అందుకని పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ సెలవులు ఖర్చు చేయకండి, బాబుకు జ్వరం వచ్చిన రోజు కోసం దాచుకోండి. ఇంటర్న్‌షిప్ 20 వారాలు ఉంటుంది. బడులు కేటాయించకముందే ప్రిన్సిపాల్ గారిని కలిసి, మీ ఊరికి దగ్గరలో ఇవ్వమని అడగండి. చిన్నపిల్లవాడి తల్లినని చెప్పడానికి మొహమాటపడకండి.