పక్కింటి పెద్దమ్మ లేని బతుకమ్మ

ప్రశ్న: అక్కా, మా పక్కింటి పెద్దమ్మ జూన్‌లో చనిపోయింది. 26 ఏళ్లుగా మా రెండిళ్లకీ మధ్య ఒకే గోడ. మా పుట్టిల్లు గుంటూరు వైపు, కోడలిగా హనుమకొండ వచ్చిన కొత్తలో నాకు బతుకమ్మ పేర్చడం రాకపోతే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది ఆమే. ఇప్పుడు వాళ్లింటికి తాళం, కొడుకు బెంగళూరులో ఉంటాడు. పక్కింట్లో మనిషి పోతే మీరెలా ఆడతారని వాడలో కొందరంటున్నారు. మా అత్తమ్మ ఏమో, మనకేం మైల, ఆమె మనకు చుట్టమా అంటుంది. నిజం చెప్పాలంటే నాకు ఆ రెండో మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ అత్తమ్మ పద్ధతి ప్రకారం తప్పేం చెప్పలేదు, మైల వాళ్లింటివాళ్లకే, మీరు పండుగ మానాల్సిన పని లేదు. కానీ మీ ఇబ్బంది అది కాదనుకుంటా. చుట్టం పోతే పదకొండో రోజనీ, మాసికమనీ, సంవత్సరీకమనీ చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది. పక్కింటావిడ పోతే, ఆ రోజు ఏడుస్తున్నవాళ్లకు చాయ్ పెట్టి తీసుకెళ్లడంతో మన పని అయిపోయినట్టే, ఆ తర్వాత ఏడిస్తే నీకెందుకంత అంటారు.

మొదటి రోజు ఆడే ఎంగిలిపూల బతుకమ్మ వచ్చేది పెత్రమాస, అంటే పితృ అమావాస్య రోజే కదా. పొద్దున పోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చి, సాయంత్రం పూలెత్తుకుని ఆడటానికి పోతాం. ఆ పొద్దున మీ పెద్దల బియ్యంతో పాటు ఆమె పేరు చెప్పి కాస్త బియ్యం, పప్పు, ఆమెకు ఇష్టమైన కూరగాయ ఏదైనా ఇవ్వండి. కొడుకు ఇచ్చేది కొడుకు ఇస్తాడు, దానికి మీది అడ్డం రాదు. మహాలయ పక్షం తర్పణాల్లో గురువులనూ స్నేహితులనూ కూడా తలుచుకుంటారు, అత్తమ్మకు అనుమానముంటే మీ అయ్యగారినే అడగమనండి. బతుకమ్మ పేర్చడం నేర్పినామె గురువు కాకపోతే ఇంకెవరు!

సాయంత్రం మాత్రం తప్పకుండా ఆడండి. గుమ్మడాకులు పరవడం దగ్గర్నుంచి గునుగు కాడ ఎంత తుంచాలి, తంగేడు వరస ఎక్కడ వేయాలి, పసుపు గౌరమ్మను ఎలా చేయాలి అన్నీ ఆమె చూపించినట్టే చేయండి, పక్కన మీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని. ఆమె పాడిన పాటల్లో మీకు గుర్తున్నంతవరకు ఈ వారమే రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఒకే పాట ఒక్కో వాడలో ఒక్కోలా పాడతారు, ఆమె పాడిన తీరు ఇంకెక్కడా దొరక్కపోవచ్చు. మా వాడలోనూ ఒక పెద్దావిడ ఉండేది, ఆమె పాట ఫోన్‌లో రికార్డు చేద్దామనుకుంటూ నాలుగేళ్లు వాయిదా వేశాను, ఇప్పుడు నాకు ఉయ్యాలో అన్న మాట తప్ప ఏమీ గుర్తులేదు.

ఆ అబ్బాయికి ఒకసారి ఫోన్ చేయండి. ఓదార్పు మాటలు ఈపాటికి చాలా విని ఉంటాడు, మీరు మాత్రం వాళ్లమ్మ గోడ మీదుగా మిమ్మల్ని ఎలా పిలిచేదో, ఎందుకు తిట్టేదో చెప్పండి. సంవత్సరీకం ఎప్పుడో, ఎక్కడ పెడతారో కూడా అడిగి రాసుకోండి, పిలవడం మర్చిపోయినా మీరు వెళ్లొచ్చు.

చివరి రోజు సద్దుల బతుకమ్మకు మలీద, అదే రొట్టె నలిపి బెల్లం కలిపి చేసే ముద్దలు, ఆమే చేసేదా? అయితే ఈసారి మీరు చేయండి, బెల్లం కాస్త ఎక్కువైనా పర్లేదు.