సర్వరు ఖాళీ చేసే ముందు ఆ ఎక్సెల్ ఫైళ్ళ సంగతి చూడు

నాయనా,

మీ నెల్లూరు రొయ్యల కంపెనీలో ఫైళ్ళన్నీ సర్వరు నుంచి షేర్‌పాయింట్‌కి, అదే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ ఫైళ్ళ గూటికి, ఎక్కించే పని నీ నెత్తిన పడిందంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎక్కించడం నీకు తెలిసిన విద్యే. ఎక్సెల్ ఫైళ్ళ గురించి మాత్రం, ఒంగోలు గ్రానైటు ఆఫీసులో ఇరవై రెండేళ్ళు లెక్కలు రాసిన ఈ పెద్దమ్మ మాట విను.

చీమకుర్తి క్వారీ నుంచి వచ్చే బ్లాకుల కొలతలు మాకు ఒక ఫైల్లో ఉండేవి. బ్యాంకుకిచ్చే స్టాకు స్టేట్‌మెంటు ఇంకో ఫైలు, అది దాంట్లోంచి అంకెలు లాక్కునేది. ఒకసారి సర్వరు మార్చారు. స్టేట్‌మెంటు తెరిస్తే లింకులు అప్‌డేట్ చేయాలా అని అడిగింది. రోజూ అడిగేదే గదా అని వద్దని నొక్కేశా. అంకెలు చక్కగా కనపడ్డాయి, సంతకానికి పంపేశా. బ్యాంకాయన యార్డుకొచ్చి బ్లాకులు లెక్కపెడితే తేలింది, అవి రెండు నెలల కిందటి అంకెలని. లింకు తెగినా సరే, చివరిసారి తెచ్చుకున్న విలువని ఎక్సెల్ దాచుకుని అదే చూపిస్తా కూర్చుంటుంది. అది తెగిందని నీకెవరూ ఫిర్యాదు చేయరు. అందుకే ముందే వెతకాలి.

వేల ఫైళ్ళు ఒక్కోటి తెరవబాక. 2007 నుంచి వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి జిప్ మూటే. ఒక కాపీ తీసి, ఫైలు పేరు చివర చుక్క తర్వాతుండే తోకని జిప్ అని మార్చి విప్పి చూడు. లోపల ఎక్స్‌ఎల్ ఫోల్డర్లో ఎక్స్‌టర్నల్‌లింక్స్ అనే ఫోల్డర్ ఉంటే, ఆ ఫైలు వేరే ఫైలు మీద ఆధారపడిందన్నమాట. దాని రెల్స్ ఫైల్లో ఏ దారిలో ఏ ఫైలో కూడా రాసుంటుంది. విండోస్‌కి ఆదేశాలిచ్చే పవర్‌షెల్‌లో స్క్రిప్టు ఒకటి రాస్తే సర్వరంతా చూసి జాబితా ఇచ్చేస్తుంది. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్ళు, తెరవడానికి పాస్‌వర్డ్ అడిగేవి జిప్ కావు. వాటిని వేరే కుప్పేసి ఎక్సెల్లోనే చూసుకో.

జాబితా చూసి సంబరపడబాక. మాక్రోల్లో (ఎక్సెల్లో రాసే చిన్న ప్రోగ్రాములు) రాసిన దారులు, పవర్ క్వెరీ (బయట నుంచి డేటా తెచ్చే ఎక్సెల్ పనిముట్టు) లాక్కునేవి ఆ ఫోల్డర్లో కనపడవు. ఎక్సెల్ ఎడిట్ లింక్స్ జాబితాలో (కొత్త ఎక్సెల్లో దాని పేరు వర్క్‌బుక్ లింక్స్) పేరు కనపడుతున్నా సెల్లుల్లో ఎక్కడా దొరకదు ఒక్కోసారి. అప్పుడు నేమ్ మేనేజర్, చార్టులు, డేటా వ్యాలిడేషన్, దాచిన షీట్లు వెతుకు.

జాబితాని తిప్పి కూడా చదువు, అంటే ఏ ఫైలు అంకెలు అడుగుతోందనే గాక, ఏ ఫైలుని అడుగుతోందో. మీ గుంటల వారీ మేత లెక్కలో ఒక్క లింకూ ఉండకపోవచ్చు గానీ, పట్టుబడి ఫైలు, కౌంటు (కిలోకెన్ని రొయ్యలు) రేట్ల ఫైలు, జీతాల ఫైలు అన్నీ దాని మీదే బతుకుతుండొచ్చు. అలాంటి కుటుంబాన్ని విడదీయకుండా ఒకేసారి తరలించి, అంకెలడిగేది, ఇచ్చేది రెండు ఫైళ్ళూ తెరిచి ఛేంజ్ సోర్స్‌తో కొత్త దారి ఇవ్వు. ఒకే ఫైలుకి ఒకరి సిస్టంలో జడ్ డ్రైవు (సర్వరు ఫోల్డర్‌కి పెట్టుకున్న పొట్టి పేరు), ఇంకొకరి సిస్టంలో సర్వరు పేరు ఉంటే రెండు ఫైళ్ళనుకుని మోసపోబాక.

సగం లింకులు చచ్చినవే ఉంటాయి, ఎవరో ఎప్పుడో షీటు కాపీ కొట్టినప్పుడు అంటుకొచ్చినవి. అయినా వాడే మనిషిని అడక్కుండా బ్రేక్ లింక్స్ నొక్కబాక. ఫార్ములా పోయి ఉత్త అంకె మిగులుతుంది, వెనక్కి రాదు. మీ ఆఫీసులో పద్నాలుగు ఫైళ్ళకి ఫైనల్ అని పేరు పెట్టినాయన ఒకడుంటాడు, ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. ఆయన దగ్గరికి టీ టైములో వెళ్ళు.

నెలాఖరులో మాత్రం ఏదీ కదిలించబాక. మేత లెక్క కుటుంబం జాబితా తయారయ్యాక నాకు వాట్సాప్‌లో పెట్టు, కళ్ళజోడు పెట్టుకుని చూస్తా.

పెద్దమ్మ