హెల్పర్స్ ఫైలు మూడువేల లైన్లు దాటితే...

ప్రశ్న: మా బిల్లింగ్ అప్లికేషన్ లారావెల్‌లో (పీహెచ్‌పీ భాషలోని ఫ్రేమ్‌వర్క్) ఉంది. అందరూ వాడుకునే ఫంక్షన్లన్నీ హెల్పర్స్ అనే ఒకే ఫైల్లో పెట్టుకుంటూ వచ్చాం. అదిప్పుడు మూడువేల లైన్లు దాటింది. ఒకటి మారిస్తే ఇంకెక్కడో పేజీ పాడవుతోంది. ఎలా విడగొట్టాలి?
- ఒక డెవలపర్, విజయవాడ

జవాబు: ముందు అవన్నీ నిజంగా అందరూ వాడుతున్నవేనా అన్నది తేల్చుకోండి. ఒక్కో ఫంక్షన్ పేరు ప్రాజెక్టు మొత్తంలో వెతకండి. కంట్రోలర్లతో ఆగకుండా బ్లేడ్ ఫైళ్లు (పేజీల టెంప్లేట్లు), కాన్ఫిగ్, టెస్టులు కూడా చూడండి. ఎవరూ పిలవనివి తీసేయండి. ఒక్క క్లాసు మాత్రమే పిలిచేదాన్ని ఆ క్లాసులోనే ప్రైవేట్ మెథడ్‌గా పెట్టండి. ఈ రెండు పనులు చేశాకే అసలు విభజన మొదలుపెట్టాలి.

మిగిలినవాటిని విషయాన్ని బట్టి విడదీయండి. యాప్ కింద సపోర్ట్ అని ఒక ఫోల్డర్, అందులో మనీ, డేట్స్, జీఎస్టీ అని వేర్వేరు క్లాసులు, వాటిలో స్టాటిక్ మెథడ్లు. కామన్, యుటిల్స్ లాంటి పేర్లు మాత్రం వద్దే వద్దు. ఆ పేరు కింద ఏది పెట్టినా తప్పనిపించదు కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ ఇదే పరిస్థితి వస్తుంది.

ఫంక్షన్లుగానే ఉంచొచ్చు కదా అంటారేమో. పీహెచ్‌పీ క్లాసులను అవసరమైనప్పుడు ఆటోలోడ్ చేస్తుంది (తనే వెతికి తెచ్చుకుంటుంది), ఫంక్షన్లను చేయదు. అందుకే వాటి ఫైలును, ప్యాకేజీలను తెచ్చిపెట్టే కంపోజర్‌లోని ఫైల్స్ జాబితాలో చేర్చాల్సి వస్తుంది, అది ప్రతి రిక్వెస్టుకూ లోడవుతుంది. పేర్ల గొడవ మరొకటి. ఒకే పేరుతో రెండు ఫంక్షన్లుంటే ‘క్యానాట్ రీడిక్లేర్’ అని ఫేటల్ ఎర్రర్ వస్తుంది. దాన్ని తప్పించడానికి చాలామంది ‘ఫంక్షన్ ఎగ్జిస్ట్స్’ (ఆ పేరుతో ముందే ఫంక్షన్ ఉందా) అన్న తనిఖీ పెడతారు. దానివల్ల ఎర్రర్ పోతుంది కానీ ప్రమాదం పెరుగుతుంది. కంపోజర్ ముందు ప్యాకేజీల ఫైళ్లను, తర్వాత మీ ఫైలును లోడ్ చేస్తుంది. ఏ ప్యాకేజీలోనైనా అదే పేరుంటే మీ ఫంక్షన్ చప్పుడు లేకుండా పక్కకు పోయి వాళ్లది నడుస్తుంది. బిల్లులో అంకె తప్పు వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

ఒకటి మారిస్తే మరొకటి పాడవడానికి అసలు కారణం ఫైలు పొడవు కాదు. హెల్పర్ లోపలే లాగిన్ అయిన యూజర్‌ను, సెషన్‌ను, డేటాబేస్‌ను తాకడం. హెల్పర్‌కు కావలసినవన్నీ ఆర్గ్యుమెంట్లుగానే అందాలి. పన్ను రేటును టేబుల్లోంచి తెచ్చుకునే ఫంక్షన్‌ను వంద వరుసల పట్టికలో పిలిస్తే వంద క్వెరీలు అదనంగా నడుస్తాయి. రేటును బయట ఒక్కసారి తెచ్చి లోపలికి ఇవ్వండి. డేటాబేస్ తప్పనిసరైతే అది హెల్పర్ కాదు, సర్వీస్ క్లాసు. అలాగే సెట్టింగులుండే డాట్ ఈఎన్‌వీ ఫైలులోని విలువలు తెచ్చే ‘ఈఎన్‌వీ’ ఫంక్షన్‌ను హెల్పర్లో నేరుగా వాడకండి. సర్వర్‌లో కాన్ఫిగ్ క్యాష్ చేశాక (సెట్టింగులన్నీ ఒకే ఫైల్లో భద్రపరిచాక) డాట్ ఈఎన్‌వీ ఫైలును లారావెల్ చదవదు, అందులోని విలువకు బదులు నల్ (ఖాళీ విలువ) వస్తుంది. ఆ విలువను కాన్ఫిగ్ ఫైల్లో పెట్టి అక్కణ్నుంచి తీసుకోండి.

అన్నీ ఒకేసారి మార్చొద్దు. ఒక విషయం తీసుకుని, ఇప్పుడొస్తున్న ఫలితాలకు టెస్టులు రాసి, కోడ్‌ను కొత్త క్లాసులోకి మార్చండి. పాత ఫంక్షన్‌లో కొత్తదాన్ని పిలిచే ఒక్క లైను ఉంచి, పైన డెప్రికేటెడ్ (ఇక వాడొద్దు) అని గుర్తు పెట్టండి. పిలుపులన్నీ మారాక పాతది తీసేయండి. ఫైల్స్ జాబితా మారినప్పుడల్లా ‘కంపోజర్ డంప్ ఆటోలోడ్’ కమాండ్ నడపాలి. క్లాసు పేరు, ఫైలు పేరు పెద్ద చిన్న అక్షరాలతో సహా ఒకేలా ఉండాలి. విండోస్‌లో తేడా ఉన్నా నడిచిపోతుంది, లైనక్స్ సర్వర్‌లో మాత్రం ‘క్లాస్ నాట్ ఫౌండ్’ వస్తుంది.

ప్రశ్న: శీర్షికలను కుదించే మా హెల్పర్ ఇంగ్లీషుకు బాగానే పనిచేస్తోంది. తెలుగులో చివరి అక్షరం గుణింతం పోతోంది, ఒక్కోసారి ప్రశ్నార్థకం గుర్తు వస్తోంది. ఎందుకు?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ‘తెలుగు’ అన్న మాట పొడవును ఎస్‌టీఆర్‌లెన్ 18 అంటుంది, ఎంబీ ఎస్‌టీఆర్‌లెన్ 6 అంటుంది, గ్రాఫీమ్ ఎస్‌టీఆర్‌లెన్ 3 అంటుంది. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింటు (ఒక అక్షరానికి లేదా గుణింతపు గుర్తుకు యూనికోడ్ ఇచ్చిన సంఖ్య) ఒక్కొక్కటీ 3 బైట్లు. మొదటిది బైట్లను లెక్కిస్తుంది, సబ్‌స్ట్రింగ్ కూడా అలాగే కోస్తుంది కాబట్టి కోడ్‌పాయింటు మధ్యలో తెగి ఆ గుర్తు వస్తుంది. ఎంబీ రకం కోడ్‌పాయింట్ల దగ్గర కోస్తుంది, అప్పుడు ‘లు’ కాస్తా ‘ల’ అవుతుంది. లారావెల్ సొంత స్ట్రింగ్ లిమిట్‌కూ ఈ లోపం ఉంది. గుణింతంతో సహా అక్షరాన్ని ఒకటిగా చూసే గ్రాఫీమ్ సబ్‌స్ట్రింగ్ వాడండి, దానికి పీహెచ్‌పీలోని ఇంటల్ ఎక్స్‌టెన్షన్ కావాలి. కనిపించేచోట మాత్రమే కుదించాలనుకుంటే అంతకంటే మేలు, ఆ పని పేజీ రూపాన్ని చూసుకునే సీఎస్ఎస్‌కే వదిలేయండి.

ప్రశ్న: నంబర్ ఫార్మాట్ ఫంక్షన్ 1,234,567 అని చూపిస్తోంది. లక్షల పద్ధతిలో రావాలంటే సొంతంగా రాసుకోవాలా?
- ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: అక్కర్లేదు. అదే ఇంటల్‌లోని నంబర్ ఫార్మాటర్‌కు ‘ఈఎన్ ఐఎన్’ (భారతీయ ఇంగ్లీషు) లొకేల్ ఇస్తే 12,34,567 వస్తుంది. పైసలు కూడా చూపాలంటే దశాంశ స్థానాల కనిష్ఠం, గరిష్ఠం రెండూ 2 అని పెట్టండి, లేకపోతే 50 పైసలు ఒక్క 5గానే కనిపిస్తాయి. ఫార్మాటర్‌ను ప్రతి వరుసకూ కొత్తగా సృష్టించకుండా మనీ క్లాసులో ఒకసారి చేసి దాచుకోండి. లెక్కలన్నీ పైసల్లో, పూర్ణాంకాలుగానే చేసి, తెర మీద చూపేముందు మాత్రమే రూపాయల్లోకి మార్చండి.